స్టోన్‌హౌస్‌పేట గానుగ నూనె: లీటరు ధర వెనుక లెక్క

నెల్లూరు స్టోన్‌హౌస్‌పేటలో టోకు కిరాణా దుకాణాల వరుస దాటి సందులోకి తిరిగితే, రెండు కర్ర గానుగలతో నడిచే చిన్న నూనె దుకాణం కనిపిస్తుంది. ఏడాదికి పైగా మా ఇంటికి వేరుశనగ నూనె, నువ్వుల నూనె అక్కడి నుంచే తెచ్చుకుంటున్నాము. అంతకు ముందు వేరొక చోట గానుగ నూనె అన్న పేరుతో కొన్న డబ్బా, పొయ్యి మీద కాగినా శనక్కాయ వాసనే రాక మమ్మల్ని మోసగించింది. అందువల్ల ఇక్కడ మొదటిసారి కొన్నప్పుడు గింజ పోయడం నుంచి నూనె దిగేవరకు పక్కనే నిలబడి చూశాను.

చూడనివ్వడమే ఈ దుకాణంలో నాకు అన్నిటికంటే నచ్చిన విషయం. "మీరే చేత్తో తీసి చూడండమ్మా, పుచ్చుగింజ కనిపిస్తే చెప్పండి" అని యజమాని గోనెసంచి మూతి విప్పి ముందుపెట్టారు. గింజలు కదిరి వైపు నుంచి వస్తాయట. మోటారుతో తిరిగినా గానుగ నెమ్మదిగానే తిరుగుతుంది; రోకలి కింద గింజ ముందు పొడిగా, తరువాత ముద్దగా మారి, చాలాసేపటికి గాని అడుగు గొట్టం నుంచి గోధుమరంగు ధార మొదలుకాదు. చిక్కగా దిగిన ఆ నూనెను స్టీలు పీపాల్లో రెండు మూడు రోజులు తేర్చి, మడ్డి అడుక్కు దిగాక పైనూనెను మాత్రమే అమ్ముతారు. నూనె తీయగా మిగిలిన పిప్పిని, అంటే చెక్కను, పాడి ఉన్నవాళ్లు గేదెలకు కొనుక్కుపోతారు.

ధర విషయానికి వస్తే, నేను చివరిసారి కొన్నప్పుడు వేరుశనగ నూనె లీటరు 340 రూపాయలు. పక్క వీధి కిరాణాలో పామోలిన్ (శుద్ధి చేసిన పామాయిల్) ప్యాకెట్ అందులో సగం కూడా లేదు. ఇంత తేడా ఎందుకని మొదట నాకూ అనిపించింది గాని, గానుగ దగ్గర నిలబడిన రోజు ఆ ప్రశ్నకు జవాబు కళ్లముందే కనబడింది. లీటరు నూనెకు రెండున్నర కిలోల గింజ కావాలి. గింజ ఖరీదే 300 రూపాయలు దాటుతుంటే, చెక్క మీద వచ్చే డబ్బు పోను మిగిలే ధరలో కూలి, కరెంటు, అద్దె అన్నీ సర్దుకోవాలి. దుకాణదారు అధికంగా తీసుకుంటున్నారని నేను అనలేను.

ఈ లెక్కను దేశానికి వర్తింపజేస్తే, మనం తినే వంటనూనెలో సగానికి పైగా విదేశాల నుంచి ఎందుకు వస్తున్నదో తెలుస్తుంది. మనిషికి ఏడాదికి సుమారు 19 కిలోల నూనె వాడుతున్నామని అంచనా. నలుగురున్న ఇంటికి అది 76 కిలోలు. గానుగలో ఆడించాలంటే సుమారు 210 కిలోల గింజ, అంటే పొట్టుతో సుమారు 300 కిలోల కాయలు. అన్ని కాయలను వానాధారపు మెట్టలో పండించే రైతు పరిస్థితి మన చుట్టుపక్కల జిల్లాలలో చూస్తున్నదే. ఎకరాకు విత్తనమే అరవై కిలోలకు పైగా కావాలి, వాన తప్పితే కాయ కట్టే ఊడలు నేలలోకి దిగవు, కాయ ఊరే వేళకు అడవిపందులు, పీకడానికీ వలవడానికీ కూలీలు. అదే సోమశిల నీరు అందే మాగాణిలో వరి వేసిన రైతుకు నీటి భరోసా ఉంది. మద్దతు ధరకు ప్రభుత్వం ధాన్యం కొంటుందన్న ఆశా ఉంది. నూనెగింజలకు మద్దతు ధర ప్రకటిస్తారు గాని, కొనుగోలు ఆ స్థాయిలో ఉండదు. రైతు వరి వైపు మొగ్గితే తప్పు అతనిది కాదు.

ఒకప్పుడు ఈ పరిస్థితి మారినట్టే కనిపించింది. 1986లో నూనెగింజల దిగుబడి పెంచే కేంద్ర పథకం, నూనెగింజల సాంకేతిక మిషన్, మొదలయ్యాక, 1990ల ఆరంభానికి దేశం తన నూనె తానే దాదాపుగా సమకూర్చుకున్నది. 1994లో పామోలిన్ దిగుమతికి లైసెన్సు అక్కరలేదన్నారు. అప్పుడు 65 శాతం ఉన్న సుంకం 1998 నాటికి 15 శాతానికి దిగింది. ఎకరా పామాయిల్ తోట ఇచ్చే నూనె ఎకరా వేరుశనగ ఇచ్చేదానికి ఎన్నో రెట్లు ఉంటుంది కనుక, ఇండోనేషియా, మలేషియా సరుకు ముందు మెట్టరైతు నిలవలేకపోయాడు. 2022-23లో దిగుమతి 160 లక్షల టన్నులు దాటింది. దుకాణానికి పాతిక కిలోమీటర్ల దూరంలోనే కృష్ణపట్నం రేవు; ముత్తుకూరు మండలం పంటపాళెం చుట్టూ ఉన్న శుద్ధి కర్మాగారాలు ఓడల్లో దిగిన ముడినూనెను శుభ్రపరచి ప్యాకెట్లు చేస్తాయి. మన ఊళ్ల పేర్లు ముద్రించిన ప్యాకెట్లలో ఉన్నది చాలావరకు ఇండోనేషియా, మలేషియా తోటల పామాయిల్, అర్జెంటీనా సోయా, రష్యా, ఉక్రెయిన్ల పొద్దుతిరుగుడు నూనె. 2022 ఏప్రిల్ 28న ఇండోనేషియా పామాయిల్ ఎగుమతి ఆపినప్పుడు, మే 23న తిరిగి వదిలేదాకా, మా వీధి కిరాణాలో మనిషికి రెండు ప్యాకెట్లే ఇచ్చారు. ఎక్కడో తీసుకున్న నిర్ణయానికి నెల్లూరు వంటింట్లో మూకుడు ఖాళీ అయ్యే స్థితి నాకు ఇప్పటికీ బాధ కలిగిస్తుంది.

నూనెల నాణ్యత సంగతి. వేరుశనగ నూనెతో చేసిన చేపల పులుసు మీద తేలిన నూనెకు ఉన్న రుచి, ప్యాకెట్ నూనెతో ఎప్పుడూ రాలేదు. తాటిబెల్లం వేసి ఆడించిన నువ్వుల నూనెతో పెట్టిన ఆవకాయ పది నెలలు దాటినా చివరి ముక్కవరకు గట్టిగానే ఉంది. కొబ్బరి నూనె మాత్రం నాకు అంతగా నచ్చలేదు. కొబ్బరి సరిగా ఎండలేదేమో, నెల తిరగకముందే కమురు వాసన వచ్చింది. చెబితే మారు మాట లేకుండా డబ్బు తిరిగి ఇచ్చారు.

లోపాలు లేకపోలేదు. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగింటివరకు దుకాణం మూసి ఉంటుంది, ఆ సంగతి రాసిన పలక కూడా లేదు. కొందరికి లీటరు కొలతతోనూ కొందరికి కిలో తూకంతోనూ పోస్తారు. లీటరు నూనె 910 గ్రాములే తూగుతుంది కనుక ఏ ధర దేనికో ముందే అడిగి తెలుసుకోవాలి. సొంత స్టీలు డబ్బా తీసుకువెళ్లడం మంచిది, ప్లాస్టిక్ సీసాకు విడిగా పది రూపాయలు పడుతుంది.

అన్ని వంటలకూ ఇదే నూనె వాడమని నేను చెప్పను, అందరికీ అది సాధ్యం కాదు. మా ఇంట్లో వేపుళ్లు తగ్గించాము. నెలకు ఆరు లీటర్లు అయ్యేది ఇప్పుడు నాలుగుతో సరిపోతున్నది, ఆ నాలుగూ ఇక్కడివే. యజమానికి నా విన్నపం ఒక్కటే: ఆడించిన తేదీని, గింజ తెచ్చిన ఊరి పేరును ప్రతి డబ్బా మీద చిన్న చీటీగా అంటించండి. ఆ చీటీ మీద మన మెట్ట ఊళ్లైన ఉదయగిరో కనిగిరో కనబడిన నాడు పది రూపాయలు ఎక్కువైనా ముందుగా కొనేదాన్ని నేనే.