నీల్ ద్వీపంలో స్నార్కెలింగ్: ఆటుపోట్లు చూసుకుని వెళ్లాల్సిన చోటు

అండమాన్‌లో స్నార్కెలింగ్ (మాస్కు పెట్టుకుని, గొట్టంతో గాలి పీలుస్తూ, నీటి మీద బోర్లా తేలి అడుగున ఉన్నవి చూడటం) అనగానే ట్రావెల్ ఏజెంట్లు హేవ్‌లాక్ ద్వీపంలోని ఎలిఫెంట్ బీచ్ పేరే చెబుతారు. గుంపుగా వెళ్లి ఒక్క పూటలో చూసి వచ్చేయాలంటే అది సరిపోతుంది. ఒక్కరే వెళ్లి, మూడు నాలుగు రోజులు నీళ్లలో తేలుతూ, మిగతా పొద్దంతా చెట్టు నీడన పడుకుని రావాలంటే మాత్రం నీల్ ద్వీపమే మేలు. 2018 డిసెంబరు నుంచి దీని పేరు షహీద్ ద్వీప్, హేవ్‌లాక్‌ది స్వరాజ్ ద్వీప్. 2024లో పోర్ట్ బ్లెయిర్ కూడా శ్రీ విజయపురం అయింది. టికెట్లు కొనేటప్పుడు పాత పేర్లతో వెతికి దొరకలేదని కంగారుపడకండి.

హైదరాబాద్ నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు విమానం ఉంది. విశాఖ నుంచి ఓడ కూడా ఉంది గానీ రెండున్నర రోజులు పడుతుంది, సెలవు సగం దాంట్లోనే పోతుంది. పోర్ట్ బ్లెయిర్ నుంచి నీల్‌కు ప్రైవేటు బోటులో గంట, గంటన్నర. ప్రభుత్వ బోటులో దాదాపు రెండు గంటలు. ప్రైవేటు బోట్లలో ఏసీ కేబిన్ తలుపులు మూసేసి ఉంటాయి, కాబట్టి కడుపులో తిప్పే అలవాటున్నవాళ్లకు ప్రభుత్వ బోటు డెక్కు మీద గాలి తగిలేలా నిలబడటమే సుఖం. వాంతుల మాత్ర వేసుకునేట్టయితే బోటు కదిలాక కాదు, ఎక్కడానికి అరగంట ముందే వేసుకోవాలి. సముద్రం అల్లకల్లోలంగా ఉంటే బోట్లు రద్దవుతాయి. అందుకే తిరుగు విమానానికి ముందు రాత్రి పోర్ట్ బ్లెయిర్‌లోనే ఉండేలా చూసుకోండి. నీల్ నుంచి పొద్దున బయల్దేరి మధ్యాహ్నం విమానం అందుకుందామనే లెక్క పెట్టుకున్నవాళ్లే ఎక్కువగా ఇరుక్కుపోతారు.

ద్వీపం చిన్నది. సైకిలు అద్దెకు తీసుకుంటే చాలు, అంతా తిరగొచ్చు. సీతాపూర్, భరత్‌పూర్, లక్ష్మణ్‌పూర్, రామ్‌నగర్... ఊళ్ల పేర్లు చాలావరకు రామాయణంలోంచి వచ్చినవే. ఉండేవాళ్లు ఎక్కువగా తూర్పు బెంగాల్ నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబాలు. పోర్ట్ బ్లెయిర్ బజారులో తెలుగు బాగానే వినిపిస్తుంది, ఇక్కడ మాత్రం హిందీ, బెంగాలీలతోనే పని. అన్నం, చేపల పులుసు, ఇక్కడే పండిన కూరగాయలు దొరుకుతాయి. కారం మన నాలుకకు తక్కువే అనిపిస్తుంది.

ఇక అసలు సంగతి. జెట్టీ పక్కనే ఉన్న భరత్‌పూర్ బీచ్‌లో నీళ్లు లోతు తక్కువ, పగడపు దిబ్బ దగ్గరే. లక్ష్మణ్‌పూర్ వైపు జనం తక్కువ. సీతాపూర్ సూర్యోదయానికి బాగుంటుంది, కానీ అలలు ఎక్కువ, స్నార్కెలింగ్‌కు పనికిరాదు. ఎక్కడైనా ఫలితాన్ని తేల్చేది ఆటుపోట్ల వేళే. ఆటు వేళ దిబ్బ మీద మోకాలి లోతు నీళ్లు కూడా ఉండవు. ఈదితే పొట్ట గీసుకుంటుంది, నిలబడితే పగడం విరుగుతుంది. పోటు పూర్తయ్యే ముందు గంట, తర్వాత గంట దిగాలి. రోజుకు రెండు పోట్లు వస్తాయి, ప్రతి రోజూ ముందు రోజు కన్నా సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తాయి. పోర్ట్ బ్లెయిర్ ఆటుపోట్ల పట్టిక ఫోన్లో దించుకుని పెట్టుకోండి. అమావాస్య, పౌర్ణమి దగ్గర నీటి లాగుడు ఎక్కువ. మొదటిసారి దిగేవాళ్లు అష్టమి అటూ ఇటూ రోజులు ఎంచుకుంటే నీళ్లు నెమ్మదిగా ఉంటాయి. నేచురల్ బ్రిడ్జ్ రాతి వంపును సరిగ్గా ఆటు వేళకే పెట్టుకోండి, పోటులో దాని దగ్గరికి నడవలేరు.

బీచ్‌లో అమ్మే ప్యాకేజీ గురించి సూటిగా చెప్పాలి. గైడు మీ చేత రబ్బరు ట్యూబు పట్టించి, ఇరవై, ముప్పై నిమిషాలు లాక్కెళ్లి, నాలుగు ఫోటోలు తీసి ఒడ్డుకు చేరుస్తాడు. ఈత రానివాళ్లకు అది చాలు. ఈత వచ్చినవాళ్లు సొంత మాస్కు తీసుకెళ్లి, గైడుతో గంట లెక్కన ముందే మాట్లాడుకుని, పోటు వేళ చెప్పి రమ్మనడం మంచిది. ఒంటరిగా వచ్చామని ఒంటరిగా దిగకండి. స్పీడు బోట్లూ జెట్ స్కీలూ తిరిగే చోట నీళ్లలో ఉన్న తల బోటువాళ్లకు కనబడదు. రంగు రంగుల లైఫ్ జాకెట్ వేసుకుని, తాళ్లు, బోయలు కట్టిన హద్దు లోపలే ఉండండి. వెళ్లేటప్పుడు నీటి లాగుడుకు ఎదురుగా ఈదండి, అలసిపోయి తిరిగొచ్చేటప్పుడు అదే మిమ్మల్ని ఒడ్డుకు తెస్తుంది.

మాస్కు కొనేటప్పుడు పట్టీ తగిలించకుండా ముఖానికి ఆనించి ముక్కుతో గాలి పీల్చండి. చేయి వదిలినా ఊడకపోతే అది మీకు సరిపోయినట్టే. నీళ్లు కారుతుంటే పట్టీ బిగించకండి, ఇంకా ఎక్కువ కారుతుంది. అంచు కింద చిక్కిన వెంట్రుకలో, మీసమో కారణమై ఉంటుంది. కొత్త మాస్కు అద్దానికి తయారీలో అంటిన సన్నటి పొర ఉంటుంది, లోపలి వైపు టూత్‌పేస్టుతో రెండు మూడుసార్లు రుద్ది కడిగితేనే మసక పట్టదు. ఆ తర్వాత దిగే ముందు చుక్క బేబీ షాంపూ చాలు. కళ్లద్దాలు పెట్టుకునేవాళ్లు పవర్ ఉన్న మాస్కు ఇంటి నుంచే తీసుకెళ్లాలి. గొట్టంలోకి నీళ్లు వస్తే తల ఎత్తకుండా ఒక్కసారిగా 'ఫూ' అని గట్టిగా ఊదేయండి.

పగడాల మీద ఆశ కొంచెం తగ్గించుకుని వెళ్లండి. 2010 వేసవిలో సముద్రం వేడెక్కి అండమాన్ పగడాలు పెద్ద ఎత్తున తెల్లబడ్డాయి, 2016లో మళ్లీ దెబ్బ తగిలింది. అయినా ప్రాణమున్నవి చాలా ఉన్నాయి. అవి గోధుమ, ఆవపిండి రంగుల్లో ఉంటాయి కాబట్టి చాలామంది చచ్చినవనుకుంటారు. పగడాన్ని కొరుకుతూ టకటక చప్పుడు చేసే చిలుక చేపలు, నీలం ఊదా పెదవులు తెరిచిన పెద్ద ఆల్చిప్పలు, అనిమోనె అనే పువ్వులాంటి సముద్రజీవి వేళ్ల మధ్య దూరే క్లౌన్ చేపలు... వీటి కోసం ఒకేచోట కదలకుండా పది నిమిషాలు తేలండి. గబగబా ఈదేవాళ్లకు ఇవేవీ కనబడవు. నీళ్లు తేటగా ఉండేది జనవరి నుంచి ఏప్రిల్ వరకు.

సన్‌స్క్రీన్ కన్నా పొడుగు చేతుల ఈత చొక్కా, లెగ్గింగ్స్ మేలు. బోర్లా తేలుతుంటే మోకాళ్ల వెనక, మెడ మీద ఎండ కాల్చేస్తుంది. పగడం గీరితే వెంటనే మంచినీళ్లు, సబ్బుతో కడగాలి. దాని ముక్కలు లోపల ఉండిపోతే పుండు త్వరగా మానదు. తెల్లవారుజామున, సాయంత్రం ఇసుక ఈగలు కుడతాయి, కాళ్లకు కొబ్బరి నూనె మందంగా రాసుకోండి. మడ అడవులు, వాగులు సముద్రంలో కలిసే చోట్ల ఉప్పునీటి మొసళ్లు ఉంటాయి. 2010లో హేవ్‌లాక్‌లో స్నార్కెలింగ్ చేస్తున్న ఒక పర్యాటకురాలు మొసలి దాడిలో చనిపోయారు. హెచ్చరిక బోర్డు ఉన్నచోట నీళ్లలో అడుగు పెట్టకండి.

ఒడ్డున పడి ఉన్న పగడపు ముక్క అందంగా ఉందని సంచిలో వేసుకోవద్దు. రాతి పగడాలకు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వర్తిస్తుంది, విమానాశ్రయంలో సామాను తనిఖీలో దొరికితే కేసు అవుతుంది.