కుమాసీనా, అబోమేనా: ఏ పాత రాజధానికి ముందు వెళ్లాలి?

పశ్చిమ ఆఫ్రికాలో ఒక పాత రాజధాని చూడాలి, అక్కడి ఆచారాలు ఇంకా నడుస్తూ ఉండాలి అంటే నాకు ముందు తట్టేవి రెండు ఊళ్లు. ఒకటి ఘనాలో అసాంతే అనే జాతివాళ్ల కుమాసీ, రెండోది బెనిన్‌లో దాహోమే అనే పాత రాజ్యపు రాజుల అబోమే. ఒకే ప్రయాణంలో రెండూ చూడటం చాలామందికి కుదరదు. ఏది మేలంటే, ముందు మీరు ఏ తేదీల్లో వెళ్తున్నారో చెప్పండి అంటాను.

ఎందుకంటే కుమాసీ గొప్పతనమంతా ఒక ఆదివారంలో ఉంది. ఆరు వారాలకోసారి వచ్చే ఆ రోజును అక్వాసిడే అంటారు. పూర్వపు రాజుల పీటలకు, అంటే వాళ్ల సింహాసనాలకు, లోపల నైవేద్యం పెడతారు. అది బయటివాళ్లు చూసేది కాదు. తర్వాత మన్హియా ప్యాలెస్‌లో రాజు కొలువు తీరుతాడు. పెద్ద పెద్ద రంగుల గొడుగులు, ఫోంటోంఫ్రోం డోళ్లు, దంతపు కొమ్ముబూరలు, ఒంటినిండా బంగారంతో రాజు, ఒకరి తర్వాత ఒకరుగా వచ్చి నమస్కరించే నాయకులు. రాజు ముందుకు వచ్చేవాళ్లు భుజం మీది వస్త్రాన్ని కిందికి దించుకుంటారు. ఇది టూరిస్టుల కోసం పెట్టిన ప్రదర్శన కాదు. 1999లో గద్దెనెక్కిన ఇప్పటి రాజు ఓతుంఫో ఒసెయ్ టుటు 2 దగ్గరికి భూమి తగాదాలు, నాయకత్వపు తగాదాలు ఇప్పటికీ వస్తాయి. మనం పక్కన నిలబడి చూడొచ్చు, అంతే. ఎడమ చెయ్యి చాపకూడదన్నది మనవాళ్లకు కొత్తగా నేర్పక్కర్లేదు.

ఇక్కడి ప్రాణమంతా బంగారు పీటలో ఉంది. అది ఆకాశం నుంచి దిగి మొదటి ఒసెయ్ టుటు ఒళ్లో వాలిందని నమ్మకం. దాని మీద రాజు కూడా కూర్చోడు. 1900లో బ్రిటిష్ గవర్నర్ హాడ్జ్‌సన్ ఆ పీట తెచ్చి తనకు వెయ్యమన్నాడు! ఎజిసు రాణిమాత యా అసాంతేవా యుద్ధానికి లేచింది. అసాంతేలు ఓడారు, ఆమెను సీషెల్స్ దీవులకు పంపేశారు, పీట మాత్రం బ్రిటిష్ వాళ్ల చేతికి చిక్కలేదు.

కానీ ఆ ఆదివారం తప్పిందా, కుమాసీ తేలిపోతుంది. పాత రాజభవనాన్ని 1874లోనే బ్రిటిష్ సేన పేల్చేసింది. ఇప్పుడు మ్యూజియంగా ఉన్నది, ప్రవాసం నుంచి తిరిగొచ్చిన ప్రెంపే రాజు కోసం 1925లో కట్టిన ఇల్లు. మిగతాదంతా ట్రాఫిక్, హారన్లు, కెజెటియా మార్కెట్ తోపులాట. ఊరి బయట బోన్‌వైర్‌లో కెంటే నేత చూడొచ్చు. బెత్తెడంత పట్టీలు నేసి పక్కపక్కన కుట్టి వస్త్రం చేస్తారు. ఒక పూట హాయిగా గడుస్తుంది.

అబోమేకి ఏ రోజు వెళ్లినా పెద్ద తేడా ఉండదు. ఇది గోడల ఊరు. 1625 నుంచి 1900 దాకా 12 మంది రాజులు వరసగా ఏలిన చోటు. ఒక్కొక్కరూ పాత ఆవరణ పక్కనే తమ మట్టి భవనాలు కట్టుకున్నారు. గోడల మీద మట్టితోనే మలిచిన బొమ్మలు: గెజోకి దున్న, గ్లెలేకి సింహం, బెహాంజిన్‌కి సొరచేప. గెజో గుర్తుల్లో ఒక చిల్లుల కుండ కూడా ఉంది. అందరూ తలో వేలితో చిల్లులు మూస్తేనే నీళ్లు నిలుస్తాయని దాని అర్థం. 1892లో ఫ్రెంచ్ సేన వస్తుంటే భవనాలకు నిప్పు పెట్టించింది బెహాంజినే. అయినా గెజో, గ్లెలేల భవనాలు మిగిలాయి. యునెస్కో 1985లో ఈ ఆవరణను వారసత్వ జాబితాలోకి తీసుకుంది. రాజుల పూజలు, వోదూన్ అనే స్థానిక మతపు కర్మలు ఇంకా అక్కడే జరుగుతాయి. కుమాసీ దర్బారు స్థాయి ఆర్భాటం మాత్రం ఉండదు.

అబోమేలో మనసు కలుక్కుమనే సంగతి ఒకటుంది. ఈ రాజుల సంపదలో పెద్ద భాగం యుద్ధ ఖైదీలను ఉయిదా రేవులో బానిసలుగా అమ్మగా వచ్చిందే. దాహోమే రాజులకు ఆడవాళ్ల సైన్యం ఉండేది. ఆ కథ విని మురిసిపోయేవాళ్లు ఆ సైన్యం ఎవరిని పట్టుకొచ్చేదో కూడా అడగాలి. అసాంతేలూ ఈ వ్యాపారం చేసినవాళ్లే. కానీ కుమాసీలో బంగారం తళుకు ముందు ఆ సంగతి గుర్తురాదు.

ఫ్రెంచ్, బ్రిటిష్ సేనలు దోచుకుపోయిన వస్తువుల సంగతికొస్తే రెండు ఊళ్ల కథా ఇంకా తెగలేదు. ఫ్రాన్స్ 2021లో 26 వస్తువులను బెనిన్‌కి పూర్తిగా ఇచ్చేసింది. వాటిని మరుసటి ఏడాది కొటోనూలో ప్రదర్శించారు. అబోమేలో వాటికోసం కొత్త మ్యూజియం తలపెట్టారు, అందుకని ఏది తెరిచి ఉందో కనుక్కుని బయల్దేరండి. కుమాసీకి 2024లో బ్రిటిష్ మ్యూజియం, విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం బంగారు వస్తువులు పంపాయి, అప్పుగా. ఎత్తుకెళ్లినవాళ్లే అప్పివ్వడం ఏమిటో!

అక్వాసిడే తేదీ కలిస్తే నేనైతే రెండో ఆలోచన లేకుండా కుమాసీ అంటాను. కలవకపోతే అబోమే. ఒంటరిగా తొలిసారి వెళ్లేవాళ్లకు ఘనాలో ఇంగ్లీషుతో పని జరుగుతుంది. బెనిన్‌లో నాలుగు ఫ్రెంచ్ ముక్కలు రాకపోతే గైడ్ తప్పనిసరి, కానీ వీసా ఆన్‌లైన్‌లోనే వస్తుంది. రోడ్డు మీద రెండూ కలిపి చూడాలంటే మధ్యలో టోగో దాటాలి, అంటే మూడో వీసా టెన్షన్.

ఎటు వెళ్లినా ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు ఎల్లో ఫీవర్ టీకా వేయించుకోవాలి. హైదరాబాద్‌లో అయితే నారాయణగూడ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో వేస్తారు. ఆ సర్టిఫికెట్ తిరిగొచ్చేటప్పుడు మన ఎయిర్‌పోర్టులోనూ అడుగుతారు, లేకపోతే క్వారంటైన్‌లో పెట్టేస్తారు.