14 నెలల వాడకం తర్వాత: హోస్టింగ్ బాగానే ఉంది, కానీ ఆ బాట్ ప్రొటెక్షన్‌ను మాత్రం క్షమించలేను

నా సైటును ఈ మేనేజ్డ్ హోస్టింగ్‌కి (సర్వర్ నిర్వహణ వాళ్లే చూసుకునే సేవ) మార్చి 14 నెలలైంది. ఎంత స్పేస్, ఎంత ర్యామ్ అన్నది వాళ్ల ప్లాన్ పేజీలోనే ఉంటుంది కాబట్టి వదిలేస్తున్నాను. చెప్పాల్సింది ఒక్క ఫీచర్ గురించే. అకౌంట్ తెరిచిన నిమిషం నుంచి దానంతట అదే ఆన్‌లో ఉండే బాట్ ప్రొటెక్షన్, అంటే సైటుకి వచ్చే ఆటోమేటిక్ ప్రోగ్రాములను (బాట్లను) అడ్డుకునే ఏర్పాటు. గూగుల్ నుంచి వచ్చే ట్రాఫిక్ మీద నడిచే సైటైతే, డీఎన్‌ఎస్ (డొమైన్ పేరును సర్వర్ ఐపీ చిరునామాకి కలిపే వ్యవస్థ) ముట్టుకోకముందే దీని సంగతి చూసుకోండి.

మార్పిడి వరకు ఏ ఇబ్బందీ లేదు. డొమైన్ అదే, యూఆర్‌ఎల్‌లు అవే, ఐపీ ఒక్కటే మారుతోంది కాబట్టి రీడైరెక్ట్‌ల గొడవ లేదు. పాత టీటీఎల్ (డీఎన్‌ఎస్ జవాబును కాష్‌లో, అంటే తాత్కాలిక నిల్వలో, ఎంతసేపు ఉంచుకోవచ్చో చెప్పే విలువ) 86400 సెకన్లు, అంటే ఒక రోజు. దాన్ని రెండు రోజుల ముందే 300కి దించాను. మార్పుకి గంట ముందు దించితే లాభం లేదు, పాత విలువ ఇంకో రోజంతా కాష్‌లలో తిరుగుతూనే ఉంటుంది. నాకు మాత్రం ముందే కొత్త సర్వర్ తెరుచుకునేలా నా కంప్యూటర్ హోస్ట్స్ ఫైల్‌లో కొత్త ఐపీ రాసుకుని పేజీలన్నీ తిప్పి చూశాను. స్టేజింగ్ (పరీక్ష) కాపీ నుంచి నోఇండెక్స్ ట్యాగ్ (ఈ పేజీని సెర్చ్‌లో చూపొద్దని చెప్పేది) వెంట రాలేదని సోర్స్‌లో నిర్ధారించుకున్నాను. నేమ్‌సర్వర్ల జోలికి పోకుండా ‘A’ రికార్డు (డొమైన్‌కి ఐపీ చూపేది) మాత్రమే మార్చాను, అందువల్ల మెయిల్ రికార్డులు చెక్కుచెదరలేదు. ఐపీవీ6 (కొత్త రకం ఐపీ) రికార్డు కూడా ఉంటే దాన్నీ మార్చాలి. చాలామంది మర్చిపోయేది అదే.

దెబ్బ తగిలింది ఆ తర్వాతే. సర్వర్ మారగానే గూగుల్‌బాట్ (గూగుల్ కోసం పేజీలు చదివే ప్రోగ్రామ్) కొన్నాళ్లు క్రాల్ (పేజీలు తెరిచి చదవడం) తగ్గించి, కొత్త సర్వర్ తట్టుకుంటోందని తేలాక మళ్లీ పెంచడం మామూలే. అందుకే మొదటి మూడు రోజులు గ్రాఫ్ కిందికి దిగినా కంగారుపడలేదు. ఆరో రోజు సెర్చ్ కన్సోల్ (సైటు యజమానులకు గూగుల్ ఇచ్చే టూల్) క్రాల్ స్టాట్స్ తెరిస్తే, అంతకుముందు ఎప్పుడూ కనిపించని 403లు (‘అనుమతి లేదు’ అనే జవాబులు) వరసగా ఉన్నాయి. బ్రౌజర్‌లో మాత్రం అవే పేజీలు చక్కగా తెరుచుకుంటున్నాయి. సర్వర్ యాక్సెస్ లాగ్‌లో (వచ్చిన రిక్వెస్టుల చిట్టా) ఒక్క 403 కూడా లేదు. సపోర్ట్ వాళ్లూ ఆ లాగ్ ఒక్కటే చూసి, సమస్యేమీ లేదని రెండుసార్లు టికెట్ మూసేశారు.

లాగ్‌లో కనిపించకపోవడానికి కారణం, ఆ బాట్ ప్రొటెక్షన్ ఫైర్‌వాల్ సర్వర్‌కి ముందు నిలబడి ఉండటం. అది వెనక్కి పంపిన రిక్వెస్ట్ అసలు సర్వర్ దాకా రాదు. దాని ఈవెంట్ లాగ్ సెక్యూరిటీ మెనూలో వేరే చోట ఉంది. అక్కడ చూస్తే రూల్ దొరికింది: ఒకే ఐపీ నుంచి నిమిషానికి 60 రిక్వెస్టులు దాటితే 403. కొత్త సర్వర్ వేగంగా జవాబిస్తోందని గూగుల్‌బాట్ జోరు పెంచింది, పెంచిన జోరుకి రూల్ అడ్డం పడింది.

అదే 429 (‘రిక్వెస్టులు ఎక్కువయ్యాయి’) గానీ 503 (‘సేవ ప్రస్తుతం అందుబాటులో లేదు’) గానీ ఇచ్చి ఉంటే గూగుల్ ముందు కాస్త నెమ్మదించేది. 403ని మాత్రం పేజీ లేనట్టే లెక్కేస్తుంది, అలా కొనసాగితే ఇండెక్స్‌లోంచి (సెర్చ్ ఫలితాల కోసం గూగుల్ ఉంచుకునే జాబితా) తీసేస్తుంది. క్రాల్ తగ్గించడానికి 403, 404 వాడొద్దని 2023 ఫిబ్రవరిలో గూగులే విడిగా రాసింది. హోస్టింగే వృత్తిగా ఉన్నవాళ్లు ఇది తెలియకుండా డిఫాల్ట్ పెట్టడమే నాకు మింగుడుపడనిది.

పరీక్షించేటప్పుడు ఒక జాగ్రత్త. మన కంప్యూటర్ నుంచి గూగుల్‌బాట్ యూజర్ ఏజెంట్ (అడిగేది ఎవరో చెప్పే పేరు) పెట్టి కర్ల్ కొడితే (కమాండ్‌తో పేజీని అడిగితే) 403 వచ్చినా అది తప్పు కాదు, నకిలీ బాట్‌ని ఆపడం సరైనదే. నిజం తెలియాలంటే సెర్చ్ కన్సోల్‌లో యూఆర్‌ఎల్ ఇన్‌స్పెక్షన్ లైవ్ టెస్ట్ నడపాలి, అది గూగుల్ ఐపీల నుంచే వస్తుంది. ఇలా రేటు మీద ఆధారపడిన రూల్ అయితే ఒక్క టెస్టులో దొరక్కపోవచ్చు, క్రాల్ స్టాట్స్ కూడా చూడాల్సిందే. మినహాయింపు ఇచ్చేటప్పుడు యూజర్ ఏజెంట్ పేరు నమ్మి ఇవ్వకూడదు, ఆ పేరు ఎవరైనా పెట్టుకోవచ్చు. ఐపీకి రివర్స్ డీఎన్‌ఎస్ (ఐపీ నుంచి పేరు కనుక్కోవడం) చూసి, వచ్చిన పేరు గూగుల్‌దేనా, ఆ పేరు తిరిగి అదే ఐపీకి వెళ్తోందా అని సరిచూడాలి. లేదంటే గూగుల్ ప్రచురించే ఐపీ జాబితా వాడాలి. ఇక్కడ ‘ధృవీకరించిన సెర్చ్ బాట్లు’ అనే స్విచ్ ఉంది, ఆఫ్‌లో. ఆన్ చేశాక 403లు ఆ రోజే ఆగాయి. ఇండెక్స్‌లోంచి జారిపోయిన పేజీలు చాలావరకు నాలుగు వారాల్లో తిరిగొచ్చాయి. తొమ్మిదో నెలలో ప్యానెల్ అప్‌డేట్ అయినప్పుడు స్విచ్ మళ్లీ ఆఫ్ అయింది. అందుకే ఇప్పుడు నెలకోసారి చూస్తున్నాను.

మారిన కొత్తలో దీని వేగాన్ని చాలా మెచ్చుకున్నాను. అది కాష్‌లో ఉన్న పేజీలకే వర్తిస్తుంది. సైట్ సెర్చ్, లాగిన్ అయ్యాక కనిపించే పేజీలు పాత హోస్ట్‌లో ఎంత సేపు పట్టేవో ఇక్కడా దాదాపు అంతే.

మరో ఏడాదికి రెన్యూ చేశాను. నాది రెండు వేల పేజీల లోపు సైటు, అమ్మకాలు లేవు, మెయిల్ వేరే చోట ఉంది. పాత సర్వర్‌ను కూడా దాని లాగ్‌లో గూగుల్‌బాట్ కనిపించడం పూర్తిగా ఆగేదాకా మూడు వారాలు ఉంచుకోగలిగాను. రోజూ వందల పేజీలు ఎక్కించే వార్తా సైటుకైతే, ఆ రూల్‌ని 429కి మారుస్తామని వాళ్ల చేత రాతపూర్వకంగా చెప్పించుకోకుండా దీన్ని సిఫారసు చేయను.