తీరప్రాంతంలో రోడ్ సైకిల్ అద్దెకు తీసుకుంటున్నారా? ముందు సీటు కదులుతుందో లేదో చూడండి

సముద్రం పక్కన, పొలాల మధ్య నాలుగైదు రోజులు సైకిల్ తొక్కే ప్యాకేజీ కొనాలనుకునేవాళ్లు దయచేసి ఇది పూర్తిగా చదవండి. పోయిన నెల నేనూ, మా చెల్లీ అలాంటిదే ఒకటి కొన్నాం. సైకిళ్లు వాళ్లవే, బస వాళ్లదే, రోజుకో రూటు కూడా వాళ్లే ఇస్తారు. ఐదు రోజుల్లో చెల్లి తొక్కింది మూడు రోజులే. మిగతా రెండు రోజులూ మోకాలికి ఐస్ పెట్టుకుని గదిలో కూర్చుంది. చివర్లో, సైకిల్ మేమే పాడుచేశామని మా డిపాజిట్‌ కూడా పట్టుకున్నారు. ఫిర్యాదు ఇంకా నడుస్తోంది కాబట్టి సంస్థ పేరు రాయడం లేదు. పేరు కంటే, మేం ఎక్కడ మోసపోయామో మీకు తెలియడమే నాకు ముఖ్యం.

బుక్ చేసేటప్పుడు మా ఎత్తు, కాలి పొడవు అడిగారు. మేం వెళ్లేసరికి సీటు సరిగ్గా పెట్టి ఉంచుతామన్నారు. వెళ్లి చూస్తే రెండు సైకిళ్లూ తళతళలాడుతున్నాయి. కార్బన్ ఫ్రేములు, డిస్క్ బ్రేకులు, ఎక్కడా గీత లేదు. చెల్లి ఎక్కి చూసి సీటు మూడు వేళ్లు కిందికి ఉందంది. అక్కడి కుర్రాడు బోల్టు వదులు చేసి సీటు పైకి లాగాడు. రాలేదు. అటూ ఇటూ తిప్పబోయాడు. కదల్లేదు. "రాత్రికి మా మెకానిక్ చూస్తాడు, ఇవాల్టికి ఇలా కానివ్వండి మేడమ్" అన్నాడు. ప్రయాణం మొదలుపెట్టాలన్న ఉత్సాహంలో మేం సరే అన్నాం. మేం చేసిన పెద్ద తప్పు అదే.

ఆ సీటు రాత్రికి రాత్రి వచ్చేది కాదని ఇప్పుడు తెలుసు. ఫ్రేము కార్బన్, సీటు కింది గొట్టం, అంటే సీట్‌పోస్ట్, అల్యూమినియం. ఈ రెండూ ఆనుకుని ఉన్నచోట ఉప్పు తడి చేరితే బ్యాటరీలో జరిగినట్టే రసాయన చర్య మొదలవుతుంది. అల్యూమినియం తినేసుకుపోయి తెల్లటి పొడిగా మారుతుంది. ఆ పొడి లోహం కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి గొట్టం లోపలే ఉబ్బి ఫ్రేముకు బిగుసుకుపోతుంది. చెమటలో కూడా ఉప్పే ఉంటుంది, అది కారేదీ సరిగ్గా అక్కడికే. అప్పుడప్పుడూ పోస్ట్ బయటికి తీసి, తుడిచి, కార్బన్ భాగాల కోసం చేసిన పేస్ట్ రాసి మళ్లీ దించితే ఈ సమస్య రాదు. సముద్రపు గాలిలో అద్దెకు తిరిగే సైకిల్‌కు ఆ పని ఎవరూ చేయలేదన్నమాట. ఒకసారి బిగుసుకున్నాక బలంగా మెలిపెడితే ఫ్రేమే పగలొచ్చు. అందుకే వాళ్ల మెకానిక్ కూడా చేయి పెట్టలేదు.

మూడు వేళ్ల తేడాకే ఇంత గొడవా అనిపించవచ్చు. పెడల్ పూర్తిగా కిందికి వెళ్లినప్పుడు మోకాలు సుమారు 25 నుంచి 35 డిగ్రీలు మాత్రమే వంగి ఉండాలి. సీటు తగ్గితే ఆ వంపు పెరిగి, ప్రతి తొక్కుకూ భారం మోకాలి చిప్ప మీద పడుతుంది. నిమిషానికి 80 సార్లు తొక్కితే గంటకు 4,800 సార్లు. మొదటి రోజు మేం తొక్కింది 70 కిలోమీటర్లు. రెండో రోజు సాయంత్రానికి చెల్లి మెట్లు దిగలేకపోయింది. మూడో రోజు కూడా పంటి బిగువున తొక్కింది, నేను వద్దంటున్నా వినలేదు. నాలుగో రోజు పొద్దున మంచం దిగబోతే కాలు మోపలేకపోయింది. ఎన్నాళ్ల నుంచో ఎదురుచూసిన ప్రయాణం తనకది. కిటికీలోంచి రోడ్డు కేసి చూస్తూ కూర్చున్న తన మొహం నాకు ఇంకా కళ్ల ముందే ఉంది.

నా సైకిల్ సంగతి చెప్పాలంటే, రెండో రోజే వెనక చక్రంలో ఒక స్పోక్ టంగుమని తెగింది. చూస్తే స్పోకును రిమ్ముకు బిగించే అల్యూమినియం నిపుల్ విరిగింది. దాని చుట్టూ అదే తెల్ల పొడి. పక్క నిపుల్స్ కూడా అలాగే ఉన్నాయి. సపోర్ట్ వ్యాన్‌కు ఫోన్ చేస్తే, మనిషికి దెబ్బ తగిలితేనే వస్తుందట. ఊగుతున్న చక్రంతో మెల్లగా బసకు చేరాను. రిమ్మును రెండు వైపులా నొక్కి ఆపే రిమ్ బ్రేకు సైకిలైతే అదీ కుదిరేది కాదు, చక్రం బ్రేకుకు రాసుకుని ఆగిపోయేది.

టైర్ల విషయంలో ఇంకా భయపడ్డాను. అవి హుక్‌లెస్ రిమ్ములు. అంటే టైరు అంచును పట్టి ఉంచే కొక్కెం లాంటి మడత రిమ్ముకు ఉండదు. వీటికి గాలి 5 బార్, అంటే 72.5 పీఎస్ఐ దాటకూడదు. ఆ కుర్రాడు అలవాటు కొద్దీ 90 కొట్టబోతుంటే నేనే ఆపాను. గాలి ఎక్కువైతే టైరు రిమ్ము నుంచి ఊడిపోవచ్చు. దిగుడులో అలా జరిగితే ఏమవుతుందో నేను చెప్పక్కర్లేదు. టైరు లోపల పోసే సీలెంట్, అంటే చిన్న చిల్లుల్ని తనే పూడ్చే ద్రవం, కూడా పూర్తిగా ఎండిపోయి ఉంది. ఎండ ఎక్కువుండే చోట అది రెండు మూడు నెలలకే ఆరిపోతుంది. పొలాల దారిలో ముళ్లు మామూలే కదా, పూడాల్సిన చిల్లు పూడలేదు.

రూటు వేసినవాళ్లు అక్కడి గాలిని కూడా పట్టించుకోలేదు. పగలు నేల తొందరగా వేడెక్కడంతో సముద్రం మీది నుంచి గాలి లోపలికి వీస్తుంది. మధ్యాహ్నం తర్వాతే దాని జోరు. మమ్మల్నేమో పొద్దున పొలాల వైపు పంపి, మధ్యాహ్నం ఒడ్డుకు తిరిగి రమ్మన్నారు. రోజూ అలిసిన కాళ్లతో ఎదురుగాలి.

ఇక డిపాజిట్. సైకిళ్లు అప్పగించిన రోజు కుర్రాడు కాకుండా వేరొకాయన వచ్చాడు. చెల్లి సైకిల్ సీటు కదిపి చూసి, సీట్‌పోస్ట్ బిగుసుకుపోయిందని, మేం బోల్టు అతిగా బిగించామని రాశాడు. మొదటి రోజు మాటలన్నీ నోటిమాటలే. మా దగ్గర ఫొటో లేదు, కాగితం లేదు. ఆదుకున్నది ఒకే ఒక్కటి. రెండో రోజు రాత్రి చెల్లి నొప్పితో ఉంటే కోపమొచ్చి "మీరు చెప్పినట్టు సీటు ఇంకా సరిచేయలేదు, మెకానిక్ ఎప్పుడొస్తాడు?" అని నేను మెసేజ్ పెట్టాను. దానికి "రేపు చూస్తాం" అని జవాబిచ్చారు. ఆ జవాబు చూపించాకే సగం వెనక్కిచ్చారు. ఆ మెసేజ్ లేకపోతే మొత్తం పోయేది.

కాబట్టి సంతకం పెట్టే ముందు పావుగంట గట్టిగా నిలబడండి. మీ కళ్ల ముందే సీటు పైకి, కిందికి కదిపించండి. కదలకపోతే ఆ సైకిల్ వద్దనండి, రాత్రికి చూస్తామంటే అస్సలు ఒప్పుకోకండి. స్పోకులు రిమ్మును కలిసే చోట తెల్ల పొడి ఉందేమో వేలితో రాసి చూడండి. ముందు చక్రం ఎత్తి హ్యాండిల్ మెల్లగా తిప్పండి. మధ్యలో ఎక్కడైనా తట్టుకున్నట్టు అనిపిస్తే బేరింగులు పోయినట్టే. చైన్ అరుగుదల కొలిచే గేజ్ అడగండి, వెనక 11, 12 గేర్లుండే సైకిళ్ల చైన్లను 0.5 శాతం సాగగానే మార్చాలి. ముందు బ్రేకు ఏ చేతి కింద ఉందో కూడా చూసుకోండి, ఇది దేశాన్ని బట్టి మారుతుంది. అన్నీ వీడియో తీస్తూ మాట్లాడండి, కుర్రాడి మాటలు కూడా అందులో వినపడాలి. ఏ లోపం కనిపించినా అక్కడే నిలబడి మెసేజ్ పెట్టి, జవాబు వచ్చాకే కదలండి. సపోర్ట్ వ్యాన్ ఎప్పుడొస్తుంది, స్పోకు తెగితే ఖర్చు ఎవరిది అన్నది డబ్బు కట్టకముందే రాతలో తీసుకోండి.

చెల్లి ఇప్పుడు నొప్పి లేకుండా నడుస్తోంది, సైకిల్ మాత్రం ఇంకో నెల వద్దని ఫిజియో చెప్పారు. మిగతా సగం డిపాజిట్ కోసం కార్డు ఇచ్చిన బ్యాంకుకు ఆ మెసేజ్ కాపీతో ఫిర్యాదు పంపాను. వాళ్ల జవాబు రాగానే అదీ చెబుతాను.