బటన్ నొక్కి టవర్ ఎక్కేస్తా: చేతి గేమింగ్ పీసీలో స్టీమ్‌ఓఎస్, ఏడాది వాడాక

ఆషాఢం గాలి మొదలైతే మా పనిలో సగం ఎదురుచూడటమే. ఉరవకొండ, వజ్రకరూరు పక్క గాలిమరల మెయింటెనెన్స్ చేస్తాను. గాలి హద్దు దాటి వీస్తుంటే టవర్ ఎక్కనివ్వరు. జీపు నీడలో కూర్చుని ఎప్పుడు తగ్గుతుందా అని చూస్తుంటాం. పది నిమిషాలు పట్టవచ్చు, రెండు గంటలూ పట్టవచ్చు. తగ్గగానే "గాలి పడె, పా నా!" అని పిలుపొస్తుంది. ఆటలో ఎక్కడున్నా సరే, అక్కడే వదిలేసి లేవాలి. సేవ్ చేసుకునే చోటు దాకా పోయి వస్తానంటే కుదరదు.

చేతిలో పట్టుకుని ఆడే గేమింగ్ పీసీలో ఏ ఓఎస్ (యంత్రాన్ని నడిపే మూల సాఫ్ట్‌వేర్) ఉంచుకోవాలన్న ప్రశ్న నాకు ఈ పిలుపు దగ్గరే తేలిపోయింది. స్టీమ్‌ఓఎస్ (ఆటలు అమ్మే స్టీమ్ వాళ్లు లినక్స్ మీద కట్టిన ఓఎస్) వేసుకున్నాక నేను చేసేది ఇంతే: పవర్ బటన్ ఒకసారి నొక్కుతాను, టవల్లో చుట్టి క్యారియర్ సంచిలో పెడతాను. హార్నెస్ వేసుకుని 80 మీటర్లు ఎక్కి, నాసెల్‌లో (టవర్ పైన జనరేటర్ ఉండే గదిలో) పని ముగించుకుని, మూడు గంటల తర్వాత దిగొచ్చి మళ్లీ నొక్కితే కత్తి ఎత్తినవాడు ఎత్తినట్టే ఉంటాడు. బ్యాటరీ ఒకటో రెండో శాతం తగ్గి ఉంటుంది. ఏడాది దాటింది. చేతులకు గ్రీజు వాసన ఇంకా పోకముందే ఆట అక్కడి నుంచే మొదలవడం చూస్తే ఇప్పటికీ సంతోషంగా ఉంటుంది.

నాది 7 అంగుళాల తెర, ఏఎండీ చిప్ ఉన్న యంత్రం. విండోస్‌తో వచ్చింది, ఎనిమిది నెలలు దాంతోనే ఆడాను. ఆటలు బాగానే నడిచాయి, అందులో పేచీ లేదు. నిద్ర (స్లీప్) మీద మాత్రం నమ్మకం కుదరలేదు. ఈ చిప్‌లలో హార్డ్‌వేర్ నిద్ర ఏ ఓఎస్‌లోనైనా దాదాపు ఒకే రకం. ఆ నిద్రలో ఎవరెవరికి లేచే అనుమతి ఉందన్నదే తేడా. విండోస్‌లోని మోడర్న్ స్టాండ్‌బై ఫోన్ నిద్ర లాంటిది. తెర ఆరినా నెట్‌వర్క్ పనులకూ అప్‌డేట్ పనులకూ మధ్యమధ్య లేచే వీలుంటుంది. టేబుల్ మీద ల్యాప్‌టాప్‌కు అది సౌకర్యమే. ఎండలో జీపులో, టవల్లో చుట్టి ఉన్న యంత్రం లేస్తే వేడి పోయే దారి ఉండదు. అనంతపురం మే నెల ఎండ సంగతి చెప్పక్కర్లేదు కదా. అందుకే ప్రతిసారీ పూర్తిగా షట్‌డౌన్ చేసేవాణ్ణి. మళ్లీ ఆన్ చేసి, లాగిన్ అయ్యి, ఆట తెరిచి, పాత సేవ్ నుంచి మొదలుపెట్టేసరికి గాలి తగ్గేది. అలా ఆడకుండానే ముగిసిన మధ్యాహ్నాలు చాలా ఉన్నాయి.

విండోస్ తర్వాత మొదట రెండు నెలలు బజైట్ అనే ఓఎస్ వాడాను. అది ఫెడోరా అనే లినక్స్ మీద కట్టింది, తెర మీద కనిపించేది మాత్రం స్టీమ్ గేమ్ మోడే. అప్‌డేట్ నచ్చకపోతే పాత వెర్షన్‌కు వెనక్కి వెళ్లే వీలుంది, అది నాకు చాలా నచ్చింది. 2025 మే నెలలో వచ్చిన స్టీమ్‌ఓఎస్ 3.7.8తో స్టీమ్ డెక్ (స్టీమ్ వాళ్ల సొంత చేతి యంత్రం) కాని యంత్రాలకూ సపోర్ట్ పెరిగింది. అప్పుడు దానికి మారాను. రోజువారీ వాడకంలో ఈ రెండింటికీ నాకు పెద్ద తేడా తెలియలేదు. బజైట్‌తో హాయిగా ఉన్నవాళ్లు మారాల్సిన పనే లేదు.

ఇక నా ఆదివారం పోయిన కథ. విండోస్ ఆటలు లినక్స్ మీద నడవడానికి మధ్యలో ప్రోటాన్ అనే పొర ఉంటుంది. ఆటకొక ప్రోటాన్ వెర్షన్ ఎంచుకోవచ్చు. ఒక శనివారం రాత్రి కొత్తగా కొన్న ఆట తెరిస్తే ఆట బాగానే ఉంది, కథ వీడియో రావాల్సిన చోట మాత్రం పాత టీవీలో ప్రసారాలు లేనప్పుడు వచ్చే రంగురంగుల చారలు వచ్చాయి. ఆ వీడియో ఫార్మాట్‌ను ప్రోటాన్ విప్పలేకపోతే అలా వస్తుంది. సరే, వెర్షన్ మారుద్దాం అనుకున్నాను. ఎక్స్‌పెరిమెంటల్ అనే వెర్షన్ పెట్టాను, చారలే. పాతది పెట్టాను, అసలు తెరుచుకోలేదు. ఇంకా పాతది, మళ్లీ చారలు. జనం సొంతంగా తయారుచేసే జీఈ ప్రోటాన్ దించి పెట్టాను, వీడియో వచ్చింది! ఆ ఊపులో జీఈలోనే ఇంకో వెర్షన్ ఇంకా బాగుంటుందేమోనని మార్చాను. అంతే, ఆట తెరుచుకోకుండా ఒక మెసేజ్ వచ్చింది. మీ ఖాతాలో ఈ ఆటను ఒక్క రోజులో మరీ ఎక్కువ కంప్యూటర్లలో తెరిచారు, తర్వాత ప్రయత్నించండి అని దాని సారాంశం.

నా దగ్గరున్నది ఒక్కటే యంత్రం. అర్ధరాత్రి పన్నెండున్నరకు ఆ మాట చదువుకుంటూ ఎంతసేపు కూర్చున్నానో! విషయం ఏమిటంటే, కొన్ని ఆటల్లో ఉండే కాపీ రక్షణ ప్రోటాన్ వెర్షన్ మారిన ప్రతిసారీ అది కొత్త కంప్యూటర్ అనుకుంటుంది. రోజుకు ఇన్ని యంత్రాలే అని హద్దు ఉంటుంది, అది దాటితే 24 గంటలు తాళం. డబ్బు పెట్టి కొన్నవాడికి ఈ శిక్ష ఏమిటన్న కోపం నాకు ఇప్పటికీ ఉంది. వారానికి ఒక్కటే సెలవు, అది కాస్తా పోయింది. ఆదివారం రాత్రి తాళం వదిలాక, వీడియో వచ్చిన ఆ జీఈ వెర్షనే పెట్టి మళ్లీ ముట్టుకోలేదు. అప్పటి నుంచి ఏ ఆటకైనా ఏ వెర్షన్‌తో నడుస్తుందో ముందే చదువుకుని ఒక్కటే ఎంచుకుంటాను. ఇంకో జాగ్రత్త కూడా. సైట్‌లో సిగ్నల్ ఉండదు కాబట్టి కొత్త ఆటను ఇంట్లో నెట్ ఉన్నప్పుడు ఒకసారి తెరిచి ఆడాకే సంచిలో పెట్టుకుంటాను.

నిద్ర గురించి పైన అంత మెచ్చుకున్నాను గానీ, కొంచెం సవరించుకోవాలి. ఆన్‌లైన్ ఆటలకు అది పనిచేయదు. లేచేసరికి సర్వర్ మనల్ని ఎప్పుడో బయటికి పంపేసి ఉంటుంది. ఒక్కోసారి నిద్ర లేచాక శబ్దం రాదు, ఇంకోసారి నిద్రపుచ్చి లేపితే వస్తుంది. నెలకు రెండు మూడు సార్లు ఇలా అవుతుంది. ఇంకో ఖర్చు ఉంది, షేడర్లు. ఆట తడబడకుండా స్టీమ్ ముందే దించి పెట్టే ఫైళ్లవి. మంచి పనే, కానీ ఫోన్ హాట్‌స్పాట్ మీద ఉంటే రోజు డేటా టిఫిన్ వేళకే అయిపోతుంది. ఇంటి వైఫై మీద తప్ప దీన్ని నెట్‌కు కలపను.

బ్యాటరీ సంగతి చిన్నగా. సెకనుకు 120 సార్లు మారే (120 హెర్ట్జ్) తెర మీద ఆటను సెకనుకు 40 ఫ్రేములకు కట్టేస్తాను. ఒక్కో ఫ్రేమ్ సరిగ్గా మూడుసార్లు కనబడుతుంది కాబట్టి కంటికి సాఫీగా ఉంటుంది. చిప్‌కు ఇచ్చే కరెంటు 12 వాట్లకు దించుతాను. ఒక పొద్దు ఎదురుచూపుకు సరిపోతుంది. ఎర్రమట్టి దుమ్ము గాలి పోయే కంతల్లో చేరుతుంది, అది మాత్రం ఏ ఓఎస్ అయినా తీయదు. వారానికోసారి మెత్తటి పెయింట్ బ్రష్షుతో దులుపుతాను.

తాడిపత్రిలో మా పిన్ని కొడుకు ఉన్నాడు. నాది చూసి "అన్నా, నాకూ ఇదే వేసియ్" అన్నాడు. వాడు ఆడేది వాలొరంట్ అనే ఆన్‌లైన్ ఆట. దాని యాంటీ చీట్ (మోసగాళ్లను పట్టే ప్రోగ్రామ్) విండోస్ కెర్నెల్ (ఓఎస్ మూలభాగం) లోపల కూర్చుంటుంది, లినక్స్‌లో ఆ ఆట నడవదు. జీటీఏ ఆన్‌లైన్ కూడా 2024 సెప్టెంబర్ నుంచి లినక్స్ మీద పోయింది, కథ మోడ్ ఒక్కటే మిగిలింది. నీకు విండోసే మేలు రా అని చెప్పాను. వాడు ఆడేది ఇంట్లో, ఛార్జర్ పెట్టుకుని. నిద్రతో వాడికేం పని? పైగా 2025 అక్టోబర్ నుంచి విండోస్ చేతి యంత్రాల్లో డెస్క్‌టాప్‌ను పక్కనపెట్టి నేరుగా ఎక్స్‌బాక్స్ తెరతో లేచే పద్ధతి వచ్చింది. నా ఎనిమిది నెలల విండోస్ అనుభవం దానికి ముందుది, అది గుర్తుపెట్టుకుని నా మాట తూచుకోండి. నేను ఒంటరిగా ఆడే కథల ఆటలే ఆడతాను, ఆఫీసు రిపోర్టులకు ఇంట్లో వేరే ల్యాప్‌టాప్ ఉంది. ఈ రెండూ లేకపోతే నా ఎంపిక వేరేలా ఉండేదేమో.

విండోస్‌ను చెరిపేయలేదు. ఒకే డిస్క్‌లో రెండు ఓఎస్‌లు పెట్టే తలనొప్పి లేకుండా కొత్తగా 1 టీబీ ఎస్‌ఎస్‌డీ కొని అందులో స్టీమ్‌ఓఎస్ వేశాను. పాతది చిన్న ప్లాస్టిక్ కవర్లో, దాని మరలతో సహా బీరువాలో ఉంది. సంక్రాంతికి తమ్ముడు వచ్చినప్పుడు వెనక మూత విప్పి అది పెట్టిస్తాను. మూడు రోజులు వాడి ఇష్టం.