మాన్యుయెల్ ఆంటోనియో పార్కుకి వెళ్తున్నారా? దారిలో ఎవరు చెయ్యి ఊపినా కారు ఆపకండి

అమెరికా నుంచి సెలవులకి కోస్టారికా వెళ్లే మనవాళ్ల కోసం ఇది రాస్తున్నా. సైకిల్ టూర్ మొదలయ్యే ముందురోజు ఖాళీ దొరికిందని నేనూ మా బావమరిదీ కెపోస్ అనే ఊరి పక్కనున్న మాన్యుయెల్ ఆంటోనియో నేషనల్ పార్కుకి వెళ్లాం. పార్కు గురించి ఒక్క మాట కూడా తప్పుగా అనను. అసలు గొడవంతా గేటు బయటే.

కొండ దిగి బీచ్ రోడ్డు ఎక్కామో లేదో, ఖాకీ చొక్కా, మెడలో కార్డు, నోట్లో విజిల్‌తో ఒకతను కారుకి అడ్డంగా వచ్చాడు. "ముందుకి కార్లు పోనివ్వరు, పార్కింగ్ ఇక్కడే" అన్నాడు. ఆ వేషం చూస్తే ఎవరైనా ఫారెస్టు మనిషే అనుకుంటారు. మా దగ్గర ఆన్‌లైన్ టికెట్లు ఉన్నాయి. వాటిని ఫోన్‌లో అటూ ఇటూ జరిపి చూసి, "ఈ టికెట్టుకి గైడ్ కంపల్సరీ" అన్నాడు. పార్కింగ్‌కి 20 డాలర్లు, గైడ్‌కి ఇద్దరికీ కలిపి 50. క్యాష్ మాత్రమే. గైడ్ గేటు దగ్గర కలుస్తాడన్నాడు. ఎవరూ రాలేదు. గైడ్ అక్కర్లేదని, ఆ విజిల్ మనిషికీ పార్కుకీ సంబంధమే లేదని గేటు దగ్గర స్టాఫ్ చెప్పారు. గేటు దాకా కార్లు హాయిగా వస్తూనే ఉన్నాయి. మా వెనక కారువాళ్లది ఇంకా అన్యాయం. టికెట్ పేరుతో వాళ్ల చేతిలో పెట్టింది పెన్నుతో రాసిన చీటీ. గేటు దగ్గర స్టాఫ్ వాళ్లని పిల్లలతో సహా వెనక్కి పంపేశారు.

పార్కుకి సొంత పార్కింగ్ లేదు, చుట్టుపక్కలవన్నీ ప్రైవేటువే. గేటు దగ్గర టికెట్లు అమ్మరు. సినాక్ అనే ప్రభుత్వ సంస్థ వెబ్‌సైట్‌లోనే కొనాలి. మేం కొన్నప్పుడు విదేశీ పెద్దలకి పన్నుతో కలిపి 18 డాలర్ల చిల్లర. లోపలికి వెళ్లే టైము టికెట్టు మీదే ఉంటుంది. మంగళవారం పార్కు మూసేస్తారు. టూర్‌కి ముందు ఒక్కరోజే ఖాళీ ఉన్నవాళ్లు ఇది చూసుకోండి.

గైడ్ దండగ అని మాత్రం అనను. టూరిజం శాఖ లైసెన్సు ఉన్న గైడ్‌ని ముందే మాట్లాడుకుంటే మంచిది. చెట్ల మీదే ఉంటూ చాలా నెమ్మదిగా కదిలే జంతువు స్లాత్. కొమ్మల్లో ముద్దగా పడుకుంటే మామూలు కళ్లకి ఆనదు. పక్క గుంపు గైడ్ దయతలిచి టెలిస్కోప్‌లో చూపించాడు కాబట్టి సరిపోయింది, లేకపోతే మేం దాన్ని చెదపుట్ట అనుకునేవాళ్లం.

తిండి లోపలికి తీసుకెళ్లనివ్వరు, బ్యాగులు వెతుకుతారు. మర్నాటి రైడ్ కోసం దాచుకున్న ఎనర్జీ బార్లు, మా బావమరిది పులిహోర డబ్బా గేటు బయటే ఖాళీ చెయ్యాల్సి వచ్చింది. ఆ రూల్ ఎందుకో బీచ్‌లో అర్థమైంది. తెల్లమొహం కోతులు టవల్ కింద దాచిన బ్యాగు జిప్పు కూడా లాగేస్తున్నాయి.

పాస్‌పోర్టులు, సైక్లింగ్ సామాను కారులో వదిలి వెళ్లకండి. వీలైతే అసలు కారే వద్దు. కెపోస్ నుంచి లోకల్ బస్సు పార్కు దగ్గర దాకా వస్తుంది, ఖర్చు చాలా తక్కువ, దారిలో విజిల్ వేసి బస్సు ఆపేవాడు ఎవడూ ఉండడు.