రిసీవర్ దేనికి, బ్లూటూత్ దేనికి: లాజిటెక్ ఎం720 ట్రయాథ్లాన్ మౌస్

విండోస్, ఉబుంటు (లినక్స్‌లో ఒక రకం) రెండూ ఎక్కించిన లాప్‌టాప్ ఒకటి, డిపార్ట్‌మెంట్‌లో మ్యాక్ ఒకటి, సంచిలో ఆండ్రాయిడ్ ట్యాబ్ ఒకటి. ఎస్వీ యూనివర్సిటీ నుంచి ఏర్పేడు ఐఐటీ దాకా తిరుపతి చుట్టుపక్కల చదువుకునేవాళ్లలో ఇలాంటి సరంజామా ఉన్నవాళ్లు కొందరైనా ఉంటారు. వాళ్లకు ఈ మౌస్ బాగా పనికొస్తుంది. కాకపోతే ఏ మెషీన్‌కి రిసీవర్ (మౌస్‌తో వచ్చే చిన్న యూఎస్‌బీ ముక్క) పెట్టాలి, దేన్ని బ్లూటూత్‌తో కలపాలి అన్నది కొన్న రోజే తేల్చుకోవాలి. ఉబుంటులో పనిచేయడం లేదని షాపుకి తిరిగొచ్చే మౌసుల్లో చాలావాటికి ఏ జబ్బూ ఉండదు. జత కుదిర్చిన తీరే తప్పు.

ముందు వస్తువు సంగతి. కుడిచేతి వాళ్లకే సరిపోయే ఆకారం, బరువు బ్యాటరీతో కలిపి 135 గ్రాములు. నడిచేది ఒక్క ఏఏ సెల్‌తో, కంపెనీ లెక్క 24 నెలలు. బొటనవేలి పక్కన 1, 2, 3 అంకెల దీపాలు, వాటిని మార్చే బటన్ ఉంటాయి. అంటే మూడు మెషీన్లకు మూడు ఛానెళ్లు. ఒక్కో ఛానెల్‌ని యూనిఫైయింగ్ అనే లాజిటెక్ రిసీవర్‌తో గానీ బ్లూటూత్‌తో గానీ జోడించుకోవచ్చు. చక్రం వెనక ఉన్న చిన్న బటన్ నొక్కితే చక్రం పళ్లు వదిలేసి బొంగరంలా తిరుగుతుంది. వందల పేజీల పీడీఎఫ్‌లు, పొడవాటి ఎక్సెల్ షీట్లు చూసేవాళ్లు దీనికి అలవాటు పడితే మామూలు చక్రం వైపు చూడరు.

మౌస్ కదలడానికి, క్లిక్ చేయడానికి ఏ ఆపరేటింగ్ సిస్టమ్‌లోనూ డ్రైవర్ అక్కర్లేదు. రిసీవర్ పెడితే కంప్యూటర్‌కి అది మామూలు యూఎస్‌బీ మౌస్‌లాగే కనిపిస్తుంది. అందుకే బయాస్‌లోనూ (సిస్టమ్ లేవకముందు వచ్చే సెట్టింగుల తెర), గ్రబ్ మెనూ (ఏ సిస్టమ్ లేపాలో అడిగే చోటు) దాటాక లినక్స్ ఇన్‌స్టాలర్‌లోనూ రిసీవర్ నడుస్తుంది. బ్లూటూత్ అయితే ఆపరేటింగ్ సిస్టమ్ పూర్తిగా లేచేదాకా మౌస్ ఉన్నట్టే తెలియదు.

ఒకే లాప్‌టాప్‌లో రెండు సిస్టమ్‌లు ఉంటే వచ్చే అసలు తంటా ఇది. విండోస్‌లో బ్లూటూత్‌తో జోడించినప్పుడు మౌస్, విండోస్ ఒక రహస్య తాళంచెవి పంచుకుంటాయి. తర్వాత ఉబుంటులోకి వెళ్లి అదే ఛానెల్ మీద మళ్లీ జోడిస్తే మౌస్ కొత్త తాళంచెవి తీసుకుని పాతది పారేస్తుంది. విండోస్ దగ్గర మాత్రం పాతదే ఉండిపోతుంది. లిస్టులో మౌస్ పేరు కనిపిస్తుంది, కర్సర్ కదలదు. తీసేసి మళ్లీ జోడిస్తే ఈసారి ఉబుంటు వైపు పోతుంది. ఇలా ఎన్నిసార్లు చేసినా గానుగెద్దు తిరుగుడే. విండోస్ తన సెట్టింగులు దాచుకునే రిజిస్ట్రీలోంచి ఆ తాళాలు తవ్వి తీసి లినక్స్ ఫైళ్లలో రాసే పద్ధతి ఒకటి ఉంది గానీ, ఇన్ని ఛానెళ్లున్న మౌస్‌కి ఆ శ్రమ దండగ.

రిసీవర్ వాడితే ఈ గొడవే లేదు. జత వివరం రిసీవర్ లోపలే ఉంటుంది కాబట్టి ఏ సిస్టమ్ లేచినా ఒకటే. కనుక రెండు సిస్టమ్‌ల లాప్‌టాప్‌కి రిసీవర్ ఇచ్చేసి 1 మీద ఉంచండి. మ్యాక్‌ని 2 మీద, ట్యాబ్‌ని 3 మీద బ్లూటూత్‌తో జోడించండి. లాప్‌టాప్‌లో యూఎస్‌బీ పోర్టు ఖాళీ లేకపోతే విండోస్‌కి ఒక ఛానెల్, ఉబుంటుకి ఇంకో ఛానెల్ ఇవ్వచ్చు. అప్పుడు తాళాలు కొట్టుకోవు గానీ, ఒక్క లాప్‌టాపే రెండు అంకెలు మింగేస్తుంది.

జోడించేటప్పుడు బటన్‌తో కావలసిన అంకెకి వెళ్లి, అదే బటన్‌ని మూడు సెకన్లు వదలకుండా నొక్కి పట్టాలి. దీపం గబగబా కొట్టుకోవడం మొదలయ్యాకే కంప్యూటర్‌లో వెతకాలి. చాలామంది ముందు వెతికి, తర్వాత నొక్కుతారు. ఉబుంటులో సెట్టింగ్స్ నుంచి కుదరకపోతే టెర్మినల్‌లో బ్లూటూత్‌సీటీఎల్ అనే కమాండ్ తెరిచి పెయిర్, ట్రస్ట్, కనెక్ట్ అదే వరుసలో ఇవ్వండి. ట్రస్ట్ మరిచిపోతే ఆ రోజుకి నడుస్తుంది, రీస్టార్ట్ చేశాక తనంతట తాను కలవకపోవచ్చు. ఉబుంటులో బ్లూటూత్ అడాప్టరే కనిపించకపోతే విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆపి, పూర్తిగా షట్‌డౌన్ చేసి చూడండి. కొన్ని లాప్‌టాప్‌లలో విండోస్ సగం నిద్రలోనే అడాప్టర్‌ని వదిలి వెళ్తుంది.

పాత విండోస్ 7 డెస్క్‌టాప్‌లు ఇంకా నడుపుతున్న డీటీపీ సెంటర్లు బ్లూటూత్ ఆశ పెట్టుకోవద్దు. ఈ మౌస్ వాడేది తక్కువ కరెంటు తినే రకం బ్లూటూత్, విండోస్‌లో దానికి మద్దతు 8 నుంచే మొదలైంది. అక్కడ రిసీవరే దిక్కు.

బటన్లు, చక్రం సెట్టింగులు మార్చే లాజిటెక్ సొంత ఆప్షన్స్ సాఫ్ట్‌వేర్ లినక్స్‌లో లేదు. దాని బదులు సోలార్ అనే ఉచిత ప్రోగ్రామ్ ఉంది. ఇంగ్లీషులో చివరి ఆర్‌కి ముందు రెండు ఏలు వేసి రాస్తారు. ఉబుంటు, డెబియన్ భాండాగారాల్లోనే దొరుకుతుంది. పెట్టుకున్నాక రిసీవర్‌ని ఒకసారి పీకి గుచ్చాలి, లేకపోతే అనుమతి లేదంటుంది. బ్యాటరీ స్థితి, చక్రం దిశ, కొత్త రిసీవర్‌తో జత కట్టడం, అన్నీ అందులోనే. బటన్లకు వేరే పనులు అప్పగించే నియమాలూ రాసుకోవచ్చు గానీ, వేలాండ్ సెషన్‌లో అవి ఎక్స్11లో (రెండూ లినక్స్‌లో తెరను నడిపే పద్ధతులు) పనిచేసినంతగా పనిచేయవు. లాజిఆప్స్ అనే ఇంకో ప్రోగ్రామ్ కూడా ఉంది. ఏదో ఒకటే ఉంచండి, రెండూ ఒకేసారి నడిపితే ఒకదాని సెట్టింగ్‌ని ఒకటి చెరిపేస్తాయి.

మ్యాక్‌లో కర్సర్ వెంటనే కదులుతుంది, పక్క బటన్లు మాత్రం సఫారీలో ముందుకీ వెనక్కీ పోవు. ఆప్షన్స్ సాఫ్ట్‌వేర్ కొత్త రూపమైన ఆప్షన్స్ ప్లస్ పెట్టి, ప్రైవసీ అండ్ సెక్యూరిటీలో యాక్సెసిబిలిటీ అనుమతి ఇస్తేనే పోతాయి. చక్రం తలకిందులుగా తిరిగినట్టు అనిపిస్తే అది న్యాచురల్ స్క్రోలింగ్. మ్యాక్ సెట్టింగ్స్‌లో మారిస్తే ట్రాక్‌ప్యాడ్ దిశ కూడా మారిపోతుంది, ఆప్షన్స్ ప్లస్‌లో మారిస్తే మౌస్ ఒక్కటే మారుతుంది. ఈ మౌస్‌లో నాకు నచ్చనిది ఇక్కడే ఉంది. బటన్లకు అప్పగించిన పనులు మౌస్‌లో నిలవవు, కంప్యూటర్‌లోని సాఫ్ట్‌వేర్‌లోనే ఉంటాయి. ఒక్కో మెషీన్‌లో విడిగా పెట్టుకోవాల్సి రావచ్చు.

ట్యాబ్, ఫోన్‌ల గురించి చెప్పేంత లేదు. ఆండ్రాయిడ్‌లో జోడించగానే బాణం గుర్తు వస్తుంది. ఐప్యాడ్ అయితే ఐప్యాడ్‌ఓఎస్ 13.4 గానీ ఆ తర్వాతది గానీ ఉండాలి.

పెట్టె మీద గొప్పగా కనిపించే ఫ్లో అనే సౌకర్యంతో కర్సర్‌ని తెర అంచు దాటించి పక్క కంప్యూటర్‌లోకి పంపవచ్చు, ఒకదాంట్లో కాపీ చేసి ఇంకోదాంట్లో పేస్ట్ చేయవచ్చు. ఇది విండోస్, మ్యాక్‌ల మధ్యే, లినక్స్‌కి రాదు. రెండూ ఒకే నెట్‌వర్క్‌లో ఉండాలి. హాస్టల్, పీజీ వైఫైల్లో ఒక పరికరానికి ఇంకో పరికరం కనపడకుండా అడ్డుగోడ పెట్టి ఉంటే అక్కడా పనిచేయదు. లినక్స్ కూడా కలవాలంటే ఇన్‌పుట్ లీప్ గానీ డెస్క్‌ఫ్లో గానీ అనే ప్రోగ్రామ్ వాడాలి, ఫైర్‌వాల్‌లో 24800 పోర్టు తెరవాలి. నిజానికి అది పెట్టుకున్నవాళ్లకు మూడు ఛానెళ్ల మౌస్ అవసరమే లేదు.

కర్సర్ ఎగిరెగిరి పడుతుంటే మౌస్‌ని తిట్టే ముందు రిసీవర్ ఎక్కడుందో చూడండి. యూఎస్‌బీ 3 పోర్టు, అందులో పెట్టిన హార్డ్ డిస్క్, రెండూ 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర రొద పుట్టిస్తాయి. ఇంటెల్ 2012లోనే దీని మీద పత్రం విడుదల చేసింది. నల్ల రంగు యూఎస్‌బీ 2 పోర్టుకి మార్చండి. లేదా అర మీటరో మీటరో ఉండే ఎక్స్‌టెన్షన్ వైరుతో రిసీవర్‌ని టేబుల్ మీదికి తీసుకురండి. సీపీయూ వెనక ఇనుప డబ్బా చాటున గుచ్చితే ఏ మౌసూ సరిగా నడవదు.

కాసేపు కదలకుండా ఉన్న మౌస్ బ్లూటూత్‌లో లేచి కలవడానికి ఒకటి రెండు సెకన్లు పట్టవచ్చు. 300 రూపాయల దర్శనం టికెట్ల కోటా తెరిచే నిమిషంలో నెట్ సెంటర్‌ వాళ్లకు ఆ రెండు సెకన్లు చాలా పెద్దవి. అలాంటి సిస్టమ్‌కి కూడా రిసీవరే పెట్టండి.

సెన్సర్ 1000 డీపీఐది, మామూలు ఆప్టికల్. ట్రావెల్స్ ఆఫీసుల గాజు టేబుళ్ల మీద అసలు నడవదు. అద్దంలా పాలిష్ పట్టిన చిత్తూరు నల్ల గ్రానైట్ కౌంటర్ మీదా తడబడుతుంది. ప్యాడ్ గానీ, లేకుంటే ఓ పాత క్యాలెండర్ అట్ట గానీ వేస్తే చాలు. ఛార్జింగ్ సెల్ వేస్తే దాని వోల్టేజి 1.2 మాత్రమే కాబట్టి బ్యాటరీ శాతం మొదటినుంచీ తక్కువ చూపించవచ్చు, కంగారు పడొద్దు.

ఒక్క కంప్యూటర్ ఉన్నవాళ్లు దీన్ని కొనక్కర్లేదు. మామూలు రిసీవర్ మౌస్ ఇందులో కొద్ది వంతు ధరకే విండోస్, లినక్స్ రెండింట్లోనూ ఇదే పని చేస్తుంది. ఎడమచేతి వాళ్లూ వద్దనుకోవచ్చు.

కొనేటప్పుడు షాపులోనే బ్యాటరీ మూత తీసి లోపల రిసీవర్ ఉందో లేదో, దాని మీద నారింజ రంగు నక్షత్రం గుర్తు ఉందో లేదో చూసుకోండి. రిసీవర్ పోతే విడిగా యూనిఫైయింగ్ రిసీవరే అడగాలి. 2021లో వచ్చిన లాజిటెక్ బోల్ట్ రిసీవర్ చూడటానికి అలాగే ఉన్నా దీనితో జత కట్టదు.